తొమ్మిదో నంబరు బీరువా

జూలై 6

మా ఊరి శాఖా గ్రంథాలయంలో కిటికీ పక్క కుర్చీ నాది. గ్రూప్-2కి చదువుకుంటూ మూడేళ్లుగా అక్కడే కూర్చుంటున్నాను. ఇవాళ పాలిటీ గైడు మధ్యలో మంగా, అంటే జపాన్ బొమ్మల కథల పుస్తకం, పెట్టుకుని చదువుతుంటే లైబ్రేరియన్ సార్ చూసేశారు. తిడతారనుకున్నాను. ఏమీ అనకుండా తొమ్మిదో నంబరు బీరువా దగ్గరికి తీసుకెళ్లి తలుపు తీశారు. పాత గెజిట్లు, చెదలు పట్టిన విజ్ఞాన సర్వస్వం, గోధుమరంగు అట్టలేసిన బైండ్లు కొన్ని.

"దీన్ని ఖాళీ చేసి హైస్కూలు పిల్లలకు ఇద్దామమ్మా. ఎండాకాలం నుంచి ఓ పాతికమంది వస్తున్నారు. వచ్చేది మాత్రం ఫ్యాన్ కోసమే."

"మనక్కావలసిందీ ఫ్యాన్సే కదా సార్" అన్నాను. ఆయన నవ్వలేదు. సాయంత్రం తాళం వేసేటప్పుడు గుర్తొచ్చిందేమో, అప్పుడు నవ్వారు.

జూలై 9

ముందు పిల్లలకేం కావాలో తెలుసుకుందామని చీటీలు పంచాను. "నీకు ఇష్టమైన పుస్తకం ఏది?" అని అడిగాను. ముప్పై ఒక్క చీటీల్లో పద్దెనిమిది అబ్దుల్ కలాం ఆత్మకథే. ఎంతమంది చదివారు అంటే ఒక్క చెయ్యీ లేవలేదు. పరీక్ష అనుకున్నారు పాపం.

చీటీలన్నీ పక్కన పెట్టి ప్రశ్న మార్చాను. "ఎవరు చచ్చిపోతే ఏడిచావు? సినిమా, పుస్తకం, కార్టూన్, ఏదైనా సరే." ఈసారి పెన్నులు దొరకలేదు వాళ్లకి. ఇటాచి, ఐరన్ మ్యాన్, డాబీ, అమరేంద్ర బాహుబలి. ఒకడు "మా కుక్క" అని రాశాడు. దాన్ని కూడా లెక్కలో వేశాను.

అంటే వీళ్లకు కథల కరువేం లేదు. డోరేమాన్‌ని తెలుగులో చూస్తూ పెరిగారు, ఇప్పుడు అనిమే, అంటే జపాన్ కార్టూన్ సిరీస్‌లు, తెలుగు డబ్బింగులో చూస్తున్నారు. పుస్తకం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతున్నారు.

జూలై 13

డబ్బు సంగతి. ఊరి నుంచి వెళ్లి హైదరాబాద్‌లో ఉంటున్న ఇద్దరు పాత పాఠకులు కలిసి ఐదు వేలిచ్చారు. మంగా ఒక్కో సంపుటం నాకు నాలుగు వందల చొప్పున పడుతోంది. పిల్లలడిగిన నరుటో మొత్తం 72 సంపుటాలు, అంటే 28,800. వన్ పీస్ వంద దాటి ఇంకా నడుస్తూనే ఉంది, దాని జోలికి వెళ్లడమంటే అప్పులపాలవడమే. అందుకని నాలుగు సిరీస్‌లు ఎంచుకుని ఒక్కోదానికి మొదటి మూడు సంపుటాలు తెప్పించాను. చాలా తెలివైన పని చేశానని ఇవాళ్టికి అనుకుంటున్నాను.

జూలై 20

బీరువా ఖాళీ చేశాం. బైండ్లు అటక మీదకి, సర్వస్వం ఎండలోకి. చెదలకు వేపాకు సరిపోదని తేలింది. మందు కొట్టించి రెండ్రోజులు తలుపులు తెరిచి ఉంచాం.

అసలు గొడవ నంబర్లతో వచ్చింది. మా దగ్గర పుస్తకాలన్నీ విషయాన్ని బట్టి నంబరిచ్చే డ్యూయీ పద్ధతిలో ఉంటాయి. తెలుగు సాహిత్యం 894.827, కామిక్స్ 741.5. ఆ లెక్కన పిల్లల మాంత్రికుల కథ ఒక మూల, దాని బొమ్మల పుస్తకం ఇంకో మూల, అదే జోనర్ ఇంగ్లీషు నవల మరో గదిలో. అభిమానికి ఈ మూడూ ఒకచోట కావాలి. సార్‌కి ఆడిట్ భయం. "పుస్తకం కదిపితే రేపు నేను కదలాలమ్మా" అన్నారు.

ఎలక్ట్రీషియన్లు వాడే రంగు టేపు పరిష్కారమైంది. నంబరు అలాగే ఉంటుంది, రిజిస్టరు అలాగే ఉంటుంది, వెన్ను మీద మాత్రం రంగు పట్టీ. ఎరుపు కామిక్స్‌కి, నీలం మాంత్రికులూ రాక్షసులకీ, పసుపు డిటెక్టివ్‌లకీ, ఆకుపచ్చ సినిమాగా వచ్చిన పుస్తకాలకీ. ఏ పుస్తకం ఏ బీరువాలోంచి వచ్చిందో ఒక నోటుబుక్కులో రాసి సార్ సంతకం పెట్టించాను. టేపు తొమ్మిది రోల్స్, 135 రూపాయలు. నల్ల టేపు కొనకండి, దాని మీద పెన్ను రాత కనపడదు.

జూలై 27

ప్రారంభం. కొబ్బరికాయ కొట్టలేదు, సార్ బీరువా తాళం తీశారు, అంతే. తలుపు లోపలివైపు చార్టు అంటించి "మాట్లాడుకునే గోడ" అని రాశాను. ఎవరైనా చీటీ రాసి అంటించొచ్చు.

గంటలో గోల. ఇరవై ఆరుమంది ఒకేసారి "నరుటో గొప్పా, వన్ పీస్ హీరో లఫ్ఫీ గొప్పా" మీద వాదిస్తుంటే రీడింగ్ హాల్లో కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్న అన్నయ్య లేచొచ్చి నా వైపు చూశాడు. అక్కడ కూర్చుని చదివే వాళ్లలో నేనూ ఒకదాన్ని. ఇన్నేళ్లూ ఎవరైనా గుసగుసలాడితే అలా చూసింది నేనే. వచ్చే వారం నుంచి ఆదివారం నాలుగింటికి, వరండాలో. చాపలు సార్ ఇంటి నుంచి.

ఆగస్టు 3

స్పాయిలర్ కేసు, అంటే చదవకముందే కథ బయటపెట్టేయడం. రెండో సంపుటం చదువుతున్న ఏడో తరగతి అబ్బాయి గోడ మీద చీటీ చూశాడు. ఎవరు చనిపోతారో పెద్దక్షరాలతో రాసుంది. వాడు పుస్తకం బల్ల మీద పడేసి వెళ్లిపోయాడు. రాసిన పిల్ల కూడా ఏడ్చింది, తను కావాలని చేయలేదని.

కొత్త పద్ధతి: చీటీని రెండు మడతలు పెట్టి స్టేపుల్ కొట్టాలి. పైన పుస్తకం పేరు, సంపుటం నంబరు మాత్రమే. అక్కడిదాకా చదివినవాళ్లే విప్పాలి. అనుకోకుండా దీనివల్ల ఇంకో లాభం వచ్చింది. మడిచిన చీటీలో ఏముందో తెలుసుకోవడానికి ముగ్గురు ఆ సంపుటం తీసుకెళ్లారు. వారం మొత్తంలో ఇష్యూలు 19. గోడ లేనప్పుడు వారానికి ఆరు.

ఆగస్టు 10

జూలై 13న రాసుకున్న తెలివితేటలు వెనక్కి తీసుకుంటున్నాను. మూడు సంపుటాలు అయిపోయాయి. "అక్కా, నాలుగోది?" "లేదు." "ఎప్పుడొస్తుంది?" "రాదు." విస్తరేసి పప్పు వడ్డించి, అన్నం లేదన్నట్టు అయింది నా పని. ఒకమ్మాయి మిగతాదంతా ఫోన్లో దొంగ సైటులో చదివేసి వచ్చి చెప్పింది. ఏమనగలను?

ఎవరైనా ఇలాంటిది మొదలుపెడితే నా మాట వినండి. పెద్ద సిరీస్ ముక్కలు కొనకండి. పన్నెండు సంపుటాల్లో అయిపోయే చిన్న సిరీస్ ఒకటి పూర్తిగా కొనండి. లేదా ఒక్క పుస్తకంతో అయిపోయేవి కొనండి. మిగిలిన రెండొందల్లో పాత పుస్తకాల బండి మీద ఏడు డిటెక్టివ్ నవలలొచ్చాయి. అవి తెలుగులో ఉండటంతో అన్నిటికంటే ఎక్కువ తిరుగుతున్నాయి.

ఆగస్టు 17

ఎవరో ఇద్దరు హీరోల పోస్టర్లు తెచ్చి బీరువా రెండు తలుపుల మీదా అంటించారు. మధ్యాహ్నానికి ఒకదానికి మీసాలు, సాయంత్రానికి రెండోదానికి కొమ్ములు. రెండూ పీకేశాను. సినిమా వద్దని కాదు. హీరో గురించి రాయొచ్చు, పాత్ర గురించి రాయాలి. కలెక్షన్లు మాత్రం రాయకూడదు. ఈ ఒక్క నిబంధన చాలా గొడవలు ఆపింది.

ఆగస్టు 31

ఈ వారం రాయాల్సింది చాలా ఉంది.

రోజూ నాలుగు పేపర్లూ వరసగా చదివే తాతగారొకరున్నారు. పిల్లలు ఆయన్ని పేపరు తాతగారంటారు. ఇవాళ బీరువా ముందు నిలబడి, "ఇందులో నా పుస్తకాలుండాలి, ఏవమ్మాయ్?" అన్నారు. నాకు అర్థం కాలేదు. గోధుమరంగు అట్టలన్నారు. గుండె జారింది. అవి అటక మీద, తూకానికి వేయాల్సిన కట్టల పక్కన ఉన్నాయి.

దింపి దులిపి చూస్తే అవి ఆఫీసు బైండ్లు కావు. వారపత్రికల్లోంచి చింపిన సీరియల్ పేజీలు. వారం వారం దాచి, చివరి భాగం అయ్యాక దబ్బనంతో కుట్టి, అట్ట వేయించి పుస్తకం చేసుకున్నారు. మా అమ్మమ్మగారింట్లోనూ ఇలాంటివి రెండుండేవి. ఆ రోజుల్లో తెలుగువాళ్ల ఇళ్లలో ఇది మామూలు పనే. ఒక బైండులో మధ్యలో నాలుగు పేజీలు చేతిరాతలో ఉన్నాయి.

"ఆ వారం పత్రిక మా ఇంట్లో ఎవరో పొయ్యిలో పెట్టేశారు. పక్కింటివాళ్లది అడిగి తెచ్చుకుని రాసుకున్నాను. బొమ్మ కూడా వేశాను, కుదర్లేదు" అన్నారు. నిజంగానే కుదర్లేదు. గుర్రం మేకలా ఉంది.

పిల్లలు చుట్టూ మూగారు. అప్పుడు చందమామ కబుర్లొచ్చాయి. 1947 జూలైలో మొదలైన పత్రిక, దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లు, వాటికి చిత్రా వేసిన బొమ్మలు. నెలకొక్కసారి వచ్చే భాగం కోసం తాతగారి అన్నదమ్ములు పోస్టాఫీసు మెట్ల మీద కాపలా కాసేవాళ్లట. "తర్వాతి భాగం వచ్చేలోపు ఏం చేసేవాళ్లు?" అని అడిగాడొకడు. "మేమే కథ అల్లుకునేవాళ్లం. అసలుది వచ్చాక మాదే బాగుందని పోట్లాడుకునేవాళ్లం."

నాకు బేతాళ కథలు అప్పుడే తట్టాయి. పాత సంస్కృత బేతాళ కథలు ఇరవై ఐదే. అవి అయిపోతే చందమామ ఆగలేదు. అదే విక్రమార్కుడు, అదే చెట్టు, అదే శవం, లోపల మాత్రం కొత్త కథ. దశాబ్దాల పాటు నెలనెలా అలా నడిచింది, శంకర్ గారి బొమ్మతో. ముందున్న పాత్రల్ని తీసుకుని కొత్త కథ రాయడాన్నే కదా ఇప్పుడు ఫ్యాన్ ఫిక్షన్ అంటున్నాం! పిల్లలకు మొదలూ చివరా ఇచ్చేశాను. రాజు శవాన్ని భుజాన వేసుకుంటాడు, బేతాళుడు కథ చెప్పి చిక్కు ప్రశ్న అడుగుతాడు, రాజు నోరు విప్పగానే మళ్లీ చెట్టెక్కుతాడు. మధ్యలో మీ హీరోలు. ఒక ఠావు. వారం గడువు.

సెప్టెంబరు 7

పదకొండు వచ్చాయి. నాలుగింటిలో ప్రశ్నే లేదు, ఫైటింగ్ ఉంది. బేతాళుడు కూడా ఫైటింగ్‌లో దిగాడు.

తొమ్మిదో తరగతి అమ్మాయి నరుటోలోని ఇటాచి మీద రాసింది. ఊరి పెద్దల ఆజ్ఞతో, ఊళ్లో యుద్ధం రాకుండా తన వంశాన్నంతా చంపి, తమ్ముణ్ణొక్కణ్ణే వదిలేస్తాడు. "రాజా, పాపం ఎవరిది? చంపినవాడిదా, చంపమన్నవాళ్లదా?" పదో తరగతి అబ్బాయి కట్టప్ప మీద రాశాడు. రాజమాత ఆజ్ఞ, సింహాసనానికి కట్టుబడిన బానిస, వెనక నుంచి కత్తి. "రాజా, పాపం ఎవరిది?"

ఇద్దరూ ఒకరిది ఒకరు చూడలేదు. చదివి వినిపిస్తుంటే వరండా అంతా నిశ్శబ్దం. "వాళ్లది మనది ఒకటే కథ కదక్కా" అన్నాడు ఆ అబ్బాయి. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. ఇటాచికి నిజం మొత్తం తెలుసు, కట్టప్పకు తెలియదు, రాజమాతకు చాడీలు చెప్పి నమ్మించారు, కాబట్టి రెండూ ఒకటి కాదు అంది. నలభై నిమిషాలు నడిచింది. తాతగారు పేపరు మడిచి వచ్చి, ఆజ్ఞను ధిక్కరించే దారి ఇద్దరికీ ఉందా అని అడిగి, ఇంకో ఇరవై నిమిషాలు పొడిగించారు. పాలిటీలో నేను చదివిన ఏ పాఠమూ నాకు ఇంత బాగా ఎక్కలేదు.

అన్నట్టు, కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్న 2015 జూలై నుంచి 2017 ఏప్రిల్ దాకా దేశమంతా నలిగింది. అప్పుడు వీళ్లలో చాలామంది అంగన్‌వాడీలో ఉన్నారు. మా హాస్టల్లో ప్రతి గదికీ ఒక సిద్ధాంతం ఉండేది. వాటిలో ఒక్కటైనా ఎవరైనా రాసిపెట్టుకుని ఉంటే ఎంత బాగుండేది!

సెప్టెంబరు 21

రాసినవి పుస్తకం కావాలట. డబ్బుల్లేవు. ఒక ఏ4 కాగితంతో ఎనిమిది పేజీల చిట్టి పుస్తకం చేసే పద్ధతి నేర్చుకుని నేర్పాను.

కాగితాన్ని అడ్డంగా పెట్టి ఎనిమిది గళ్లు వచ్చేలా మడతలు పెట్టాలి, పైన నాలుగు, కింద నాలుగు. మధ్య రెండు గళ్ల మేర, నడిమి గీత మీద మాత్రమే కత్తిరించాలి. పొడవుగా సగానికి మడిచి రెండు చివరలూ పట్టుకుని లోపలికి నెడితే కూడిక గుర్తులా తెరుచుకుంటుంది. చుట్టూ మడిస్తే పుస్తకం. స్టేపుల్ కూడా అక్కర్లేదు. పేజీల వరస దగ్గర తికమక పడతారు. కింది వరసలో ఎడమ నుంచి 6, 7, 8, 1. పై వరస తలకిందులుగా 5, 4, 3, 2. ఒకటి ముందట్ట, ఎనిమిది వెనకట్ట. ముందు ఖాళీ కాగితాన్ని మడిచి, నంబర్లేసి, విప్పి, అప్పుడు రాయాలి. నేను ఇది చెప్పేలోపే ఆరుగురు రాసేశారు. వాళ్ల పుస్తకాల్లో హీరో సగం కథ శీర్షాసనంలో ఉన్నాడు.

మంగా పిచ్చి అబ్బాయి ఒకడు తన పుస్తకం మంగాలో లాగే కుడి నుంచి ఎడమకే ఉండాలని పట్టుబట్టాడు. నాకు తెలియదన్నాను. అద్దం ముందు కాగితం పెట్టి చూసి, కింద 1, 8, 7, 6, పైన 2, 3, 4, 5 అని వాడే కనిపెట్టాడు. సరిగ్గా కుదిరింది. లోపల తెలుగు అక్షరాలు ఎడమ నుంచి కుడికి, బొమ్మల గళ్లు కుడి నుంచి ఎడమకి. చదువుతుంటే మెడ నొప్పి. వాడికి మాత్రం పరమానందం.

జపాన్‌లో అభిమానులు ఇలా సొంతంగా అచ్చేసుకునే పుస్తకాల్ని దోజిన్‌షి అంటారు. వాటి సంత కామికెట్ 1975 డిసెంబరులో టోక్యోలో మొదలైనప్పుడు బల్లలు వేసిన బృందాలు 32, వచ్చినవాళ్లు సుమారు ఏడొందలు. ఇప్పుడు లక్షల్లో వస్తారు. "మనం ఎంతమందిమి?" అని లెక్కపెట్టారు. పద్నాలుగు.

అక్టోబరు 12

వేషాల రోజు. కాస్ప్లే, అంటే ఇష్టమైన పాత్రలా వేషం వేసుకోవడం, కొనుక్కునే బట్టలతోనే అనుకున్నారు, నేను వంద రూపాయల పరిమితి పెట్టాను. నరుటో నుదుటి పట్టీ: నల్ల రిబ్బను, అట్టముక్క, పైన ఇడ్లీ పార్సెల్ రేకు, ఆకు గుర్తు రీఫిల్ అయిపోయిన పెన్నుతో నొక్కి గీసింది. ఖర్చు పన్నెండు రూపాయలు. దూరం నుంచి చూస్తే ఇనుమే.

ఎనిమిదో తరగతి అమ్మాయి కొమురం భీముడిగా వచ్చింది, వాళ్ల నాన్న పంచెతో, కాటుక మీసంతో. మగపిల్లలు నవ్వారు. నేనేమీ క్లాసు పీకలేదు. జపాన్‌లో తకరజుకా అనే నాటక బృందం ఉందని, అందులో అందరూ ఆడవాళ్లేనని, మగ వేషాలూ వాళ్లే వేస్తారని, 2024 జనవరిలో మన ఆర్ఆర్ఆర్‌ని వేదికెక్కించారని చెప్పాను. అక్కడ కూడా భీముడు ఆడమనిషే. నవ్విన వాళ్లలో ఒకడు పది నిమిషాల తర్వాత వచ్చి, "రాముడి వేషం వేస్తాను, నాటు నాటు వేద్దామా?" అని ఆ అమ్మాయినే అడిగాడు. వేశారు. వరండా గచ్చు ఒకచోట పెచ్చు ఊడింది. సార్‌కి ఇంకా చెప్పలేదు.

అక్టోబరు 26

వాన. ఎవరూ రాలేదు. బీరువా వెనక గోడ చెమ్మెక్కింది, నాలుగంగుళాలు ముందుకి జరిపాను. పాలిటీ రెండు అధ్యాయాలు చదివాను.

నవంబరు 16

గ్రంథాలయ వారోత్సవాలు 14 నుంచి 20 దాకా. మొదటి రోజు శుక్రవారం, మా వారపు సెలవు. అయినా తెరిచాం. ఒక బల్ల మీద పిల్లల చిట్టి పుస్తకాలు, పక్కనే తాతగారి బైండ్లు. వచ్చిన పెద్దలు బైండ్ల దగ్గరే ఆగారు. ఒకావిడ ఒక సీరియల్ మొదటి పేజీ చూసి, "ఇది మా అమ్మ చదివి వినిపించేది" అంటూ అక్కడే నిలబడి ఇరవై పేజీలు చదివేశారు. కుర్చీ ఇస్తే కూర్చోలేదు.

మంగా అబ్బాయి సార్ దగ్గరికెళ్లి తన పుస్తకానికి నంబరు కావాలన్నాడు. రిజిస్టరు నంబరు, వెన్ను మీద రాసేది. సార్ వాణ్ణి పంపించేస్తారనుకున్నాను. ఆయన దానాల రిజిస్టరు తీశారు.

"పేరు సరే, పేజీలు ఎనిమిది, సరే. వెల రాయాలి. వెల లేకపోతే ఆడిట్ ఒప్పుకోదు."

"అమ్మేది కాదు సార్, ఫ్రీ."

"ఎవరైనా పోగొడితే వాళ్ల దగ్గర ఎంత వసూలు చెయ్యాలి?"

వాడు చాలాసేపు ఆలోచించాడు. కాగితం, జెరాక్స్ కలిపి ఒక రూపాయి అన్నాడు. సార్ వెల గడిలో "1-00" అని రాసి ముద్ర వేశారు. విభాగం దగ్గర ఆగి నా వైపు చూశారు. 741.5 అన్నాను. ఎర్ర టేపు అంటించడానికి వెన్ను లేదు, ఒక మూలకి చుట్టాను.

డిసెంబరు 7

లెక్కలు: బీరువాలో 143 పుస్తకాలు, అందులో 38 పిల్లలు తెచ్చి పెట్టినవి. నాలుగో సంపుటం సమస్య అలాగే ఉంది, ఒక సిరీస్‌కి మాత్రం ఒకమ్మాయి మేనమామ మిగతావన్నీ పంపాడు. కొత్త సభ్యులు 22. ఆదివారం సగటున పదిహేడుమంది. కానిస్టేబుల్ అన్నయ్య మడిచిన చీటీలు విప్పుతూ దొరికాడు.

మంగా అబ్బాయి పుస్తకాన్ని నవంబరు 19న ఒకరు తీసుకెళ్లారు, ఇంకా తిరిగి ఇవ్వలేదు. వాడు రోజూ వచ్చి ఇష్యూ రిజిస్టరు చూసి వెళుతున్నాడు. గడువు దాటిందని కార్డు రాయమన్నారు సార్. పోస్టుకార్డు యాభై పైసలు, పుస్తకం రూపాయి. రాశాను, రేపు పొద్దున డబ్బాలో వెయ్యాలి.